తిరస్కారపత్రము, యోగ్యతాపత్రము

లోకప్రసిద్ధమైన గ్రంథమును దాని ప్రసిద్ధి యెరుగనివానివలె చదివి, ప్రచురణకు తగదని నిర్ణయించి, రచయితకు మర్యాదగా త్రిప్పి పంపుట హాస్యరచనలో ఒక విధానము. ఇందు గ్రంథము నిజమైనది. లేఖ వ్రాయు పరీక్షకుడు మాత్రము కల్పిత పాత్ర. ఇటలీ రచయిత ఉంబెర్తో ఏకో 1972లో ఇట్టి నివేదికలను కొన్నింటిని రచించెను. అందలి పరీక్షకుడు బైబిలును చూచి, ఇది పలువురి రచనల సంకలనమగుటచే హక్కుల విషయమున చిక్కులు వచ్చునని జంకును. కాఫ్కా నవల ‘విచారణ’లో నేరమేదో, స్థలమేదో స్పష్టపరచినచో ఆలోచింపవచ్చునని సలహా చెప్పును. చదువరి నవ్వునది బైబిలును చూచి కాదు, కాఫ్కాను చూచి కాదు. పరీక్షకుని చేతిలోని కొలబద్దను చూచి.

ఈ విధానము పాశ్చాత్యమని తోచవచ్చును గాని, దీని బీజము ఆంధ్రులకు పరిచితమైన కథలోనే కలదు. గుణాఢ్యుడు పైశాచీభాషలో ఏడు లక్షల గ్రంథముగా బృహత్కథను రచించి శాతవాహన రాజు కడకు పంపినట్లు పదునొకండవ శతాబ్దమున సోమదేవుడు కథాసరిత్సాగరమున చెప్పెను. రాజు దానిని నిరాకరించుటకు చూపిన కారణములు మూడు: నిడివి యెక్కువ, భాష నీరసము, వ్రాసిన సిరా నెత్తురు. కథ యెట్లున్నదన్న ప్రశ్న ఆ నిర్ణయములో లేనే లేదు. కవి అడవిలో ఒక్కొక్క పత్రమునే చదివి అగ్నికి అర్పించుచుండగా మృగములు మేత మాని కన్నీటితో వినెనట. అవి చిక్కిపోగా రాజభోజనమున మాంసము సారహీనమయ్యెను. కారణము తెలిసికొని రాజు పరుగెత్తివచ్చునప్పటికి మిగిలినది ఒక్క లక్ష మాత్రమే. తిరస్కారమును ఇంతకంటె పరిహసించిన కథ అరుదు. ఆరు లక్షలు దగ్ధమగుటచే ఇంతకంటె విషాదమైనదియు అరుదే.

ఇట్టి లేఖలు తెలుగు గ్రంథములకు వ్రాయబూనినచో వస్తువునకు కొదువలేదు. కవిత్రయ భారతమును అందుకొన్న ప్రచురణకర్త ఇట్లు వ్రాయవచ్చును: “మొదటి రచయిత మూడవ పర్వము నడుమ ఆగిపోయినారు. రెండవవారు ఆ శేషమును ముట్టక నాల్గవ పర్వమునుండి తుదివరకు నడిపినారు. మూడవవారు తరువాత వచ్చి నడిమి లోటు పూరించి, దానిని మొదటివారి ప్రభువునకే అంకితము చేసినారు. ఒడంబడిక ఎవరితో చేసికొనవలయునో తెలుపగోరెదము.” వేమన పద్యముల విషయమున లెక్కల గుమాస్తా కలుగజేసికొని, ఇంచుమించు ప్రతి పద్యమునకు నాలుగవ పాదము ఒక్కటే కనుక దానిని తొలగించినచో కాగితము నాలుగవ వంతు ఆదా యగునని సూచించును. ఇక కన్యాశుల్కము: “వేశ్యయైన మధురవాణిపై ప్రేక్షకుని చూపు నిలిచిపోవుచున్నది. గిరీశమునకు తగిన శిక్ష లేదు. పాత్రలు ఇంటిలో మాట్లాడినట్లే మాట్లాడుచున్నవి. ఒక రాత్రిలో ఆడుటకు వీలుగా కుదించినచో మరల పరిశీలింతుము.”

ఈ ఆక్షేపణలలో అసత్యము లేదు. భారతము ముగ్గురి కృతియే, మకుటము పునరుక్తియే, 1909 నాటి కన్యాశుల్కము సుదీర్ఘమైనదే. ప్రతి వాక్యమును వాస్తవమై, మొత్తము తీర్పు మాత్రము అసంగతమగుటలోనే ఈ ప్రక్రియయొక్క కళ యున్నది. గ్రంథమును బాగుగా చదువనివాడు దీనిని వ్రాయలేడు. వ్రాసినచో అది నిందయగును గాని హాస్యము కాదు.

పేరడీకిని దీనికిని గల భేదమును కూడ ఇక్కడ గుర్తింపవలయును. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి (1914–1968) కృష్ణశాస్త్రి, శ్రీశ్రీ, విశ్వనాథల రచనలకు పేరడీలు వ్రాసి తెలుగువారిని నవ్వించెను. పేరడీకారుడు కవి గొంతును అనుకరించును. తిరస్కారలేఖకుడు విమర్శకుని గొంతును అనుకరించును. మొదటిదానిలో కవి నడక బయటపడును, రెండవదానిలో చదువరి గ్రుడ్డితనము.

కల్పిత లేఖకును నిజమైన లేఖకును ఒక్కొకప్పుడు భేదము తోచకుండుట ఆలోచింపదగిన విషయము. 1944లో జార్జి ఆర్వెల్ ‘యానిమల్ ఫారం’ను త్రిప్పి పంపుచు టి. ఎస్. ఎలియట్, పందులు తక్కిన జంతువులకంటె తెలివిగలవి గనుక పాలనకు అవియే అర్హములని, కావలసినది ప్రజాహితము కోరు పందులేనని వ్రాసెను. మహాకవి గంభీరముగా వ్రాసిన ఈ మాట హాస్యగాని లేఖలో ఇమిడిపోవును. ఆ గ్రంథము మరుసటి యేడే మరియొక ప్రచురణకర్త ద్వారా వెలువడినది గనుక నేడు నవ్వగలుగుచున్నాము.

ముద్దుపళని కృతికి ఆ అదృష్టము లేదు. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరి ఆస్థానమున ఆమె రచించిన రాధికాసాంత్వనమును, స్త్రీవిద్యకై పాటుపడిన వీరేశలింగము పంతులే ఆంధ్ర కవుల చరిత్రమున అశ్లీలమని గర్హించెను. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని పరిష్కరించి ప్రకటించుచు, పురుషుల శృంగారకావ్యములకు లేని నియమము స్త్రీ రచనకు ఏలనని పీఠికలో నిలదీసెను. తరువాత ప్రభుత్వము గ్రంథమును నిషేధించెను; ఆ నిషేధము 1947లో ప్రకాశము పంతులు ప్రభుత్వమున గాని తొలగలేదు. ఈ తీర్పులోను కొలబద్ద గ్రంథమునకు వెలుపలిదే. కాని దానిని చూచి నవ్వుటకు ఒక తరము కాలము వేచియుండవలసి వచ్చెను.

గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు వాడుకభాష పక్షమున అసమ్మతిపత్రము సమర్పించెను. 1950లో పుస్తకరూపమున వచ్చిన మహాప్రస్థానమునకు చలము వ్రాసిన పీఠిక పేరు యోగ్యతాపత్రము. కచేరీ కాగితము పేరును కవిత్వమునకు తగిలించుటలోనే ఒక చిరునవ్వు కలదు: ఈ కవికి యోగ్యత నిర్ణయించుటకు మనమెవరమన్న ప్రశ్న ఆ పేరులో ధ్వనించుచున్నది. పరిహాసపు తిరస్కారపత్రము అడుగునదియు ఆ ప్రశ్ననే. అది పాత గ్రంథమును గూర్చి వ్రాసినట్లు కనబడును గాని, నిజముగా చేరవలసినది నేడు క్రొత్త వ్రాతప్రతిని చేత బట్టుకొని నిడివిని, భాషను, సిరాను పరీక్షించుచున్న వాని బల్లమీదికి.