పర్వతవర్ణనము - పాదచారి దృష్టి

కావ్యమునకు విహితములైన అష్టాదశ వర్ణనలలో శైలవర్ణన మొకటి. దండి మొదలుగా గల లాక్షణికులు దానిని విధించిరి. మన ప్రబంధకవులు శిరసావహించిరి. కొండ చొరని ప్రబంధము తెలుగున అరుదు. అయితే ఆ కొండను మన విమర్శకులు పరీక్షించు తీరు మాత్రము చిరకాలముగా ఒక్కటియే. ఉత్ప్రేక్ష యెంత దూరము పోయినది, శ్లేష యెంత బిగువుగా నున్నది, పదములకూర్పు సెలయేటి మ్రోత నెట్లనుకరించినది అని చూతురు. ఈ కొలతలను మేము కాదనము. వీనికి తోడుగా మఱియొక ప్రశ్న అడుగదగియున్నదని మాత్రము మా తలంపు. ఈ కొండను ఎవరైన నెక్కిరా? కవి దానిని దారివెంట చూపుచున్నాడా, లేక ఒక్కచో నిలిచి పటమువలె చూపుచున్నాడా?

నడచువానికి కొండ ఒక్కసారిగా గోచరింపదు. మలుపు మలుపునకు లోయ కానవచ్చి మరుగగును. శిఖరము దగ్గఱైనట్లు తోచి మరల చెట్లచాటున దాగును. నీరు దొరకినచోటు, నీడ దొరకినచోటు జ్ఞాపకమున నిలుచును. తక్కినది మఱపున బడును. అలసట చూపునే మార్చివేయును. ఈ క్రమము, ఈ పక్షపాతము గల వర్ణనమును పాదచారి దృష్టి యని ఈ వ్యాసమున వ్యవహరింతుము.

ముందుగా మనుచరిత్రమును చూతము. తెలుగువారి కొండలలో పెద్దన హిమవంతమునకే అగ్రాసనమని అందఱు నెఱిగినదే. కాని ప్రవరుడు అక్కడకు నడచిపోలేదు. సిద్ధుడొసగిన పాదలేపముచే పోయెను. పాదమునకు పూసిన ఆ మందు పాదమునకు పని లేకుండ జేయుటకే గదా! కావున హిమాలయము అతనికి మెట్టుమెట్టుగా గాక ఒక్కుమ్మడిగా ఎదుట నిలిచినది. పెద్దన వర్ణనలోని ఆ విస్తారము, ఆ మహోన్నతధ్వని ఇట్టి రాకకు తగియున్నవి. అంబరమునుండి దిగినవాని కన్ను అది. మధ్యాహ్నమగుట గుర్తించి, మిగిలిన వింతలను రేపు చూచెదనని ప్రవరుడు తిరుగుముఖము పట్టును. ఈ 'రేపు' అను మాటను మన వ్యాఖ్యాతలు అంతగా పట్టించుకొన్నట్లు లేదు. శ్రమపడి ఎక్కినవాడు ఆ మాట అంత తేలికగా అనలేడు. రేపన్నది ఖర్చులేని వస్తువైనవానికే ఆ ధీమా చెల్లును.

మంచునీట లేపము కరగిపోయిన పిమ్మట గాని ప్రవరుని కాళ్ళకు పని కలుగలేదు. కథయు నప్పటినుండియే నడచినది. అంతవఱకు చూడదగిన వస్తువుగా నున్న కొండ ఇప్పుడు దాటవలసిన వస్తువైనది. వర్ణనలోని మార్పును గమనింపుడు. దూరదృశ్యములు తగ్గినవి. గాలి మోసికొని వచ్చిన తాంబూలపు వలపు, కస్తూరి కర్పూరముల వాసన అతనికి దారి చూపినవి. మనుష్యసంచార మున్నదని ముక్కుతో తెలిసికొనుట దారి తప్పినవాని తెలివి. విహంగమునకు దానితో పని లేదు. పిదప నాతడు వరూధినిని అడిగిన మొదటి మాటయు త్రోవను గూర్చినదే. అంత పెద్ద కన్నులుండగా దారి నన్నడుగుట యేలయని ఆమె పరిహసించినది. శృంగారపరముగా ఈ పరిహాసమును వేయివిధముల మెచ్చుకొనిరి. మాకు మాత్రము ఇందులో ప్రవరుని మీద న్యాయమైన నేరారోపణ యొకటి వినబడును. చూచుటకే వచ్చినవాడు దారిని చూడలేదు. తుదకు అగ్నిదేవుని అనుగ్రహమున ఇల్లు చేరినాడే గాని తిరుగుదారిని గూడ నడువలేదు. పెద్దన కొండ మహత్తరమైనదే, కాని అందు నడచిన భాగము మిక్కిలి స్వల్పము. ఆ స్వల్పభాగమే కథకు ప్రాణము.

వసుచరిత్రమునకు ఈ ప్రశ్న అంతగా తగులదు. అందు కోలాహలపర్వతము ఒక పాత్ర. శుక్తిమతికి ప్రియుడు, గిరికకు తండ్రి. కొండయొక్క కొండతనము శ్లేషకు ఊడిగము చేయుచున్నది. ఆముక్తమాల్యదలో మాత్రము మాలదాసరి వృత్తాంతమున నిజమైన నడక యున్నది. అర్ధరాత్రమును వేకువగా భ్రమించి బయలుదేరి, త్రోవ తప్పి, మఱ్ఱి క్రింద బ్రహ్మరాక్షసుని వాత బడిన ఆ భక్తుని నడక రాయలకు బాగుగ దెలిసినదే. కాని అది కొండ గాదు గావున ఇంతటితో విడుతుము.

ప్రబంధములను విడిచి ద్విపదలోనికి వచ్చినచో భూమి మారును. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రలోని పర్వతప్రకరణము శ్రీశైలయాత్రను గూర్చినది. దీనిని మన పరిశోధకులు పదుమూడవ శతాబ్దినాటి ఆటపాటల పట్టికగా విశేషముగ వాడుకొనిరి. తుమ్మెదపదములు, పర్వతపదములు, బహురూపములు అన్నియు అందుండి ఏరబడినవి. ఏరిన పిమ్మట ప్రకరణమును మూసిపెట్టిరి. ఇది మాకు కొఱతగా దోచుచున్నది. ఆ పాటలు పాడినవారు కూర్చుండి పాడినవారు కారు. శివరాత్రికి నల్లమల అడవిలో కొండలెక్కుచు పాడినవారు. ఇంద్రగణములు మూడు, సూర్యగణ మొకటి, మరల అదే వరుస. ఈ పొట్టిపాదము ఊపిరికి సరిపోవునట్టిది. పద్యమునకు 'నడక' యని మనవారు పెట్టిన పేరు కేవలము అలంకారము గాదేమోనని ద్విపదను గొంతెత్తి చదివినపుడు మాకు అనుమానము కలుగును.

సోమనాథునిలో దోషము లేదనుట లేదు. పేరులు కుప్పవోయుట ఆయనకు అలవాటు. కొన్ని తావుల చదువరికి విసుగు పుట్టును. కవిత్వమున ఆయనను పెద్దనకు సాటి యనువారము గాము. కాని సోమనాథుని పర్వతము జనులు ఎక్కుచున్న పర్వతము. అందు కష్టము, మ్రొక్కు, తోడునీడలు కలవు. శ్రీశైల సంప్రదాయములో మఱియొక విశేష మున్నది. శిఖరము కంటబడినంత మాత్రమున పునర్జన్మము లేదని నమ్మిక. గుడి చేరకముందే, దారిలో, చూపునకే ఫలము చెప్పబడినది. శిఖరేశ్వరము వద్ద నందికొమ్ముల నడుమ నుండి దూరమునగల ఆలయశిఖరమును చూచు ఆచారము నేటికిని కలదు. కొండమీద చూడదగిన చోటును ఇంత స్పష్టముగా, ఇంత గౌరవముతో గుర్తించిన ఆచారమును మా కావ్యశాస్త్రము ఎఱుగదు. నడచి వచ్చినవాని కన్నుకే ఆ ఫలశ్రుతి యొక్క బరువు తెలియును. రెడ్డిరాజులలో మొదటివాడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెను. ఆ రెండవక్షేత్రమునే నృసింహపురాణమున కీర్తించిన ఎఱ్ఱాప్రెగడ హరివంశమును ఈ రాజునకు అంకితమిచ్చెను. కవికిని మెట్లకును ఇంత దగ్గఱితనము ప్రబంధయుగమున మరల కానరాదు.

వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వెలుగులోనికి దెచ్చిన అన్నమాచార్యచరిత్రము గూడ ద్విపదయే యగుట కాకతాళీయము గాకపోవచ్చును. మనుమడు చిన్నన్న తాతను కొండ యెక్కించిన తీరు చూడుడు. బాలుడు మోకాళ్ళపర్వతము కడ ఆకలిచే సొలసి, వెదురుపొద నీడను రాతిమీద నిదురించును. కాళ్ళకు చెప్పులున్నవి. అలమేల్మంగ కలలో దోచి, కొండయంతయు సాలగ్రామమయమనియు చెప్పులు విడువుమనియు తెల్పి, ప్రసాదము పెట్టును. మేల్కొనిన పిమ్మట గాని వానికి తిరుమల నిజముగ కానరాదు. ఆకలి, నీడ, చెప్పు - ప్రబంధకవి వర్ణనలలో వీనికి తావేది? చిన్నన్నకు ఇవి లేక కథయే లేదు. చూపు పాదముల గుండ వచ్చునని తేటగా చెప్పిన ఘట్టము మా యెఱుకలో ఇదియొక్కటే.

వచనమున ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర కలదు. 1830 మే నెలలో చెన్నపట్టణమున బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఆయన పల్లకిలో పోయిన గృహస్థు. కాబట్టి ఆయన పాదచారి యేనా యని ఎవరైన అడిగిన, కాదని ఒప్పుకొనవలసినదే. అయినను మోయువారి కాళ్ళు ఆయన వాక్యములలో వినబడుచునే యుండును. మజిలీకి మజిలీకి ఆమడలెన్ని, బాట రాళ్ళదా యిసుకదా, నీళ్ళు మంచివా, చెట్టునీడ కలదా అని వ్రాసినాడు. శ్రీశైలమార్గమునకు వచ్చినపుడు కొండను ఉత్ప్రేక్షించుట ఆయనకు తోచలేదు. ఎక్కుడు దిగుడులను చెప్పినాడు. అలంకారము లేనందున ఈ గ్రంథమును చరిత్రకారులకు విడిచి సాహిత్యకులు తప్పుకొనిరి. తప్పుకొనవలసిన అగత్యము లేదు.

ఘాట్ రోడ్లు వచ్చిన పిదప మనకందఱకు పాదలేపము చేకూరినట్లే. తిరుమలకు మోటారుబాట 1944లో పడినది. శ్రీశైలమునకు బస్సులో పోయి మధ్యాహ్నమునకు తిరిగివచ్చి, మిగిలినది రేపు చూచెదమని అనుకొనువారమే మనము. ఇట్టి చదువరులకు ప్రవరుని కన్ను సహజముగను, సోమనాథుని కన్ను వింతగను దోచుటలో ఆశ్చర్యము లేదు. అలిపిరి మెట్లు 3550 ఇంకను ఉన్నవి. ఆత్మకూరు వైపునుండి వెంకటాపురము, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా కైలాసద్వారమునకు ఎక్కు త్రోవను శివరాత్రికి, ఉగాదికి కన్నడులును తెలుగువారును ఇప్పటికిని నడచుచున్నారు. పర్వతప్రకరణమును చేతబట్టుకొని ఆ దినములలో ఆ త్రోవను పోయి, యాత్రికులు పాడుపాటలను వ్రాసికొని, ఏ పాట ఎక్కుడులో వచ్చినది, ఏది దిగుడులో, ఏది నీటికడ అని గుర్తించి, సోమనాథుని వరుసతో పోల్చిచూచు పని యొకటి మిగిలియున్నది.