కమాను కింద డ్రాయింగ్ షీట్లు

వనపర్తి రాజమహలును ఫొటోలో చూసి మెచ్చుకోవడం తేలిక. దాని అసలు సొగసు తెలియాలంటే తరగతులు నడిచే రోజు పొద్దున్నే వెళ్లాలి. చంకలో డ్రాయింగ్ షీట్ల చుట్ట, చేతిలో డ్రాఫ్టరు పట్టుకుని పిల్లలు కమాన్ల కింది నుంచి పరుగున పోతుంటారు. ఒక్కరూ తలెత్తి చూడరు. ఆ చూడకపోవడంలోనే ఈ కట్టడానికి రసం పండిందని నాకనిపిస్తుంది.

జానంపల్లి వంశపు సంస్థానాధీశుల నివాసం ఇది. వచ్చినవాడు గుమ్మం దగ్గరే నోరు తెరిచి నిలబడిపోవాలన్నది రాచకట్టడాల లెక్క. కాబట్టి దీని తొలి రసం అద్భుతం. దానికి తోడు కాస్త భయం. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. తెలంగాణలో ఎన్నో గడీలు తాళాలు పడి, కప్పులు కూలి, గోడల్లో రావి మొలకలతో మిగిలాయి. ఇక్కడ మాత్రం రాజా రామేశ్వరరావు మహలును చదువుకు ఇచ్చేశారు. 1959లో నెహ్రూ చేతుల మీదుగా పాలిటెక్నిక్ మొదలైంది. అదే కేడీఆర్ పాలిటెక్నిక్.

కమాను దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. చూపుకు అది గాలిలో గీసిన గీత. పనిలో మాత్రం ప్రతి ఇటుకా పక్కదాన్ని అదుముతూ, పైబరువును చెరో పక్కకూ దించుతుంది. నడుమ దారి వదులుతుంది. మోస్తున్న బరువును పైకి తెలియనివ్వకపోవడంలో ఉంది దాని శిల్పం. ఆ గీత కిందే కూర్చుని ఒక కుర్రాడు కంపాసుతో అర్ధవృత్తం గీస్తాడు. పాఠం కాగితం మీదా ఉంది, నెత్తి మీదా ఉంది.

గద్వాల కోటది మరో తీరు. కృష్ణా తుంగభద్రల నడుమ, నడిగడ్డలో సోమనాద్రి కట్టించిన కోట. లోపల చెన్నకేశవుని గుడి, చివరి రాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట డిగ్రీ కాలేజీ. పండితులను, కవులను పిలిచి సత్కరించినందుకు ‘విద్వద్గద్వాల’ అనిపించుకున్న సంస్థానమది. గద్వాల కోటకు చదువు పుట్టింటికి తిరిగొచ్చిన ఆడపడుచు. వనపర్తి మహలుకు కొత్త కోడలు. వచ్చీరాగానే ఇల్లంతా తనదిగా సర్దుకుంది.

ఆ సర్దుబాటు కొందరికి నచ్చదు. రాచగదిలో నల్లబల్లలేమిటి, నగిషీ పక్కన కరెంటు తీగలేమిటి అంటారు. తీగలు పద్ధతిగా వేయవచ్చు. సున్నపు గోడకు సిమెంటు పూస్తే తడి లోపలే నిలిచి గోడ చెడుతుందని తెలిసిన మేస్త్రీ చేత మరమ్మతు చేయించవచ్చు, చేయించాలి కూడా. బల్లలను మాత్రం బయటికి పంపకూడదు. రసం సహృదయుడిలో ఉంటుందన్నారు మన ఆలంకారికులు. రాజుగారి అతిథులు ఈ మహలును చూసి వెళ్లిపోయారు. డిప్లొమాకొచ్చిన పల్లెటూరి పిల్లలు మూడేళ్లు ఇందులో మసలి, అద్భుతాన్ని అలవాటు చేసుకున్నారు. తాడు కట్టి, టికెట్టు పెట్టి చూపిస్తే మళ్లీ అందరూ అతిథులే అవుతారు.