గుర్రమా, ఘుడ్‌ఖరా?

సౌత్ ఏషియన్ స్టడీస్ పత్రిక 13వ సంపుటిలో (1997) ఒకే విషయం మీద రెండు రచనలున్నాయి. ఒకటి హంగరీ శాస్త్రవేత్త శాండోర్ బొకొన్యీ వ్యాసం. రెండోది దాని మీద రిచర్డ్ మెడో, అజితా పటేల్ రాసిన వ్యాఖ్య. కచ్‌లోని హరప్పా కాలపు ఊరు సుర్కోటడాలో జె.పి. జోషి తవ్వకాల్లో బయటపడ్డ పళ్లూ ఎముకలూ గుర్రానివా, కావా అన్నదే రెంటిలోనూ ప్రశ్న. బొకొన్యీ 1994లోనే కన్నుమూశారు. వ్యాఖ్యకు జవాబిచ్చే వీలు ఆయనకు లేకపోయింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివేటప్పుడు ఆ సంగతి మరిచిపోకూడదు.

గుర్రం పేరెత్తగానే ఆర్యులు బయటినుంచి వచ్చారా, ఇక్కడివాళ్లేనా అన్న గొడవ మొదలవుతుంది. హరప్పాలో గుర్రం ఉంటే ఒక పక్షానికి పండగ, లేకపోతే రెండో పక్షానికి. ఆ గొడవ ఇక్కడ వద్దు. ఎముకను ఎలా చదివారన్నదే చూద్దాం.

సుర్కోటడాలో గుర్రం ఉందని 1974లోనే ఎ.కె. శర్మ రాశారు. చాలామంది నమ్మలేదు. ఆ తర్వాత ఎముకలను స్వయంగా చూసిన బొకొన్యీ సామాన్యుడు కాదు. పశువైద్యం చదివి, ఐరోపా, పశ్చిమాసియా తవ్వకాల ఎముకల మధ్యే జీవితం గడిపినవాడు. ఆయన పట్టుకున్న ఆనవాళ్లు రెండు రకాలు. మొదటివి దవడపళ్ల మీది ఎనామిల్ గీతలు. కింది దవడపన్ను అరిగిన ముఖాన్ని చూస్తే నాలుకవైపు రెండు మడతలు, వాటి మధ్య ఒక లోయ కనిపిస్తాయి. గుర్రానికి ఆ లోయ సాధారణంగా వెడల్పుగా ‘యు’లా ఉంటుంది, గాడిద జాతుల్లో ‘వి’లా కోసుగా ఉంటుంది. రెండోవి ముందుపళ్లూ, కాలివేలి ఎముకలూ. గుర్రపు వేలి ఎముక బలంగా, వెడల్పుగా ఉంటే అడవిగాడిదది సన్నగా, పొడుగ్గా ఉంటుంది.

సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసే రైతు కన్నులాంటిదే బొకొన్యీ కన్ను. ఏళ్ల తరబడి చూసి చూసి కుదిరిన తీర్పు అది. అలాంటి తీర్పును తేలిగ్గా తీసిపారేయలేం. కానీ ఆ రైతు ముందు నిలబడ్డది ఎద్దేనన్న సంగతిలో తగవు లేదు. సుర్కోటడాలో తగవంతా అక్కడే. కచ్ చిన్న రణ్ ఎడారిలో ఈనాటికీ అడవిగాడిదలు మందలుగా తిరుగుతున్నాయి. వాటినే శాస్త్రజ్ఞులు ఖుర్ అంటారు, గుజరాతీలు ఘుడ్‌ఖర్ అంటారు. హరప్పా వేటగాడికి అవి గుమ్మం ముందున్న మాంసం. కాబట్టి అక్కడ దొరికిన ప్రతి పన్నుకూ ముందుగా అడగాల్సింది ‘ఇది ఖుర్ ఎందుకు కాకూడదు?’ అని.

మెడో, పటేల్ అడిగింది ఇదే. మెడో మెహర్‌గఢ్ నుంచి హరప్పా దాకా జంతువుల ఎముకలతో పనిచేసినవాడు. పటేల్‌కు గుజరాత్ ఎముకలు బాగా తెలుసు. ఇద్దరూ ఎముకలను ఒక్కొక్కటిగా పట్టుకుని, బొకొన్యీ ఇచ్చిన కొలతలనే ఇతర జంతువుల కొలతల సరసన పెట్టి చూస్తారు. పన్ను అరిగేకొద్దీ గీతల ఆకారం మారుతుంది. ముందుకాలి వేలి ఎముకకూ వెనకకాలి వేలి ఎముకకూ తేడా ఉంటుంది. విడిగా దొరికిన ముక్క ఏ కాలిదో తేల్చకుండా సన్నం, లావు అనడంలో అర్థం లేదు. పైగా పొట్టి గుర్రం, పెద్ద ఖుర్ కొలతల్లో ఒకదాని మీదికొకటి వస్తాయి. ఇంత చూశాక కూడా వాళ్లు ‘గుర్రం కానే కాదు’ అనరు. దేనికి ఎంత బరువివ్వాలన్న దగ్గర అభిప్రాయాలు వేరు కావచ్చని ఒప్పుకుంటారు. ఆ నిగ్రహం నాకు నచ్చింది.

బొకొన్యీ వాదంలో నాకు బలహీనంగా తోచేది ఆయన కన్ను కాదు, తర్కం. మంచుయుగం తర్వాత భారతదేశంలో అడవి గుర్రాలు లేవు కనుక సుర్కోటడావి పెంపుడువేనంటారు. నిజమే, అవి గుర్రాలని ముందు తేలితే! గుర్రమా ఖురా అన్న అసలు ప్రశ్నకు ఈ వాదం ఇసుమంతైనా సాయం చేయదు. ఒక ముందుపన్ను మీది అరుగుదల కూడా అంతే. కట్టేసిన గుర్రం ఊసుపోక మేత తొట్టి అంచును కొరుకుతుంది, ఆ అలవాటు పెంపుడు గుర్రాలకే ఉంటుందని ఆయన అంటారు. చూడముచ్చటైన పరిశీలన. అయినా ఒక్క పన్ను మీద అంత భారం మోపితే ఎలా? అది కట్టు కింద బతికిన బతుకును సూచిస్తుందేమో గాని, జాతిని నిరూపించదు.

వ్యాఖ్యాతల్లోనూ లోపం లేదనను. గొర్రె, గేదె ఎముకలను ఇంత నిలదీసి అడిగేవాళ్లు అరుదు, గుర్రం విషయంలోనే రుజువు బరువు ఎందుకు పెరిగిందని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. దానికి నా జవాబు: పక్కనే ఖుర్ ఉండటం. పోటీ జంతువు అంత దగ్గర లేని చోట ఇంత పట్టుదల అక్కర్లేదు.

ఇక చదువరులు చేసిన అన్యాయం ఒకటుంది. 1993లో బొకొన్యీ భారత పురావస్తు సర్వే డైరెక్టర్ జనరల్‌కు ఉత్తరం రాశారు. అందులో సందేహానికి తావులేని తీర్పు ఉంది. తర్వాత అచ్చయిన వ్యాసంలో స్వరం తగ్గింది. హరప్పా సంస్కృతిలో పెంపుడు గుర్రం ఉండే ‘అవకాశం’ గురించే చివరికి మాట్లాడారు. మన చర్చల్లో గుర్రం ఉందనేవాళ్లు ఉత్తరాన్నే చదివి వినిపిస్తారు. వ్యాసం అక్కర్లేదు, వ్యాఖ్య అసలే అక్కర్లేదు. అవతలి పక్షం మెడో పేరు ఒక్కటి చెప్పి చేతులు దులుపుకుంటుంది. ఆయన వదిలిపెట్టిన సందును మాత్రం వాళ్లూ ప్రస్తావించరు.

విమర్శగా చూస్తే మెడో, పటేల్‌ల రచనే మేలైనది. ఏ ఎముక మీద ఏ అనుమానమో చదివేవాడు తనంతట తాను సరిచూసుకోగలడు. బొకొన్యీ తీర్పును మాత్రం చాలావరకు ఆయన అనుభవం మీద నమ్మకంతో ఒప్పుకోవాల్సిందే. ఈసారి ఎవరైనా సుర్కోటడా గుర్రం మాటెత్తితే, వాళ్లు చెబుతున్నది ఉత్తరం సంగతా, వ్యాసం సంగతా అని అడగండి. వ్యాసం పక్కన వ్యాఖ్య కూడా పెట్టుకుని చదవండి, రెండూ ఒకే సంపుటిలో దొరుకుతాయి.