కమాన్ మేస్త్రీ చూపు

మాడుగులపల్లి టోల్‌గేటు దగ్గర కాసేపు నిలబడితే మిర్యాలగూడ బియ్యం లారీలు వరుసగా పోతుంటాయి. నిండు లోడుతోనూ ఒక పక్కకు ఒరగకుండా సాగే బండి కనబడితే, దాని కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) కట్టిన మేస్త్రీకి దండం పెట్టాలనిపిస్తుంది.

ఈ మేస్త్రీల పనితనం చూడాలంటే పాత ముక్కు లారీని బాగుచేసేటప్పుడు చూడాలి. టాటా వాళ్లు 1954లో మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి మొదలుపెట్టిన వంశం అది. ఆనాటి ఇనుమే వేరంటారు పాత డ్రైవర్లు. నేనూ నమ్ముతాను.

చాసిస్ తుప్పుపట్టిపోతే, రవాణా శాఖ అనుమతి తీసుకుని, క్యాబిన్‌ను వేరే చాసిస్ మీదికి ఎక్కిస్తారు. బండి ఎంత ఎత్తున నిలవాలన్నదే అక్కడ అసలు పరీక్ష. మంచి మేస్త్రీ విప్పకముందే చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు మూలలా కొలిచి గోడ మీద సుద్దతో రాస్తాడు. ఆ కొలతలనూ గుడ్డిగా నమ్మడు, ఏళ్ల తరబడి లోడు మోసిన కట్ట కుంగే ఉంటుంది కదా! ఇంజను, క్యాబిన్, బాడీ ఎక్కి, డీజిల్ నిండి, టైర్లలో గాలి సమానమయ్యాక, చదునైన నేల మీద బండిని ముందుకూ వెనక్కూ ఒకసారి కదిపి అప్పుడు తుది కొలత తీస్తాడు. ముందు కుడివైపు కుంగితే వెంటనే అక్కడ చెయ్యిపెట్టడు. వెనక ఎడమ కట్ట లేచి ఉందేమో చూస్తాడు. ఆ ఒక్క చూపు కోసం సూర్యాపేట, కోదాడ దాటి విజయవాడ ఆటోనగర్ దాకా బండి తోలుకెళ్లినా దండగ కాదు.

కమాన్ కట్టలోని పట్టీకి వంపు తేవడం చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఎర్రగా కాల్చి, వంచి, నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో పదును దించుతారు. కింది పొట్టి పట్టీకి పై పట్టీకన్నా వంపు కాస్త ఎక్కువ ఉంచుతారు. విడిగా పేర్చినప్పుడు నడుమ సన్నని సందు కనిపిస్తుంది. సెంటర్ బోల్టు బిగించగానే అది మూసుకుపోయి పట్టీలన్నీ ఒకదాన్నొకటి పట్టేస్తాయి. మెయిన్ పట్టీ మీద భారం తగ్గేది ఆ సందు వల్లే.

ఇప్పుడేం చేస్తున్నారు? చల్లటి పట్టీని సుత్తితో బాది వంపు వచ్చిందంటున్నారు. లోడు పడగానే అది మళ్లీ కుంగుతుంది. గ్యాస్ మంటతో కాల్చి వదిలేస్తే పదునే చచ్చిపోతుంది. విరిగిన పట్టీకి వెల్డింగ్ పెట్టేవాణ్ని మేస్త్రీ అనడానికి నాకు నోరు రాదు. ఎత్తు కోసం వెనక దిమ్మలు దూర్చి, యాక్సిల్ హౌసింగ్ వాలు చూడకుండా వదిలేస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు అరిగిపోతాయి. ముందు యాక్సిల్ కింద దిమ్మ పెట్టడమైతే ప్రాణాలతో చెలగాటం.

ఓనర్లారా, రంగులకూ అద్దాలకూ పోసే డబ్బులో కొంత కమాన్ పనికి ఇవ్వండి. బేరమాడి మేస్త్రీని తొందరపెట్టకండి. మొదటి లోడు దించాక బండిని మళ్లీ ఆయన దగ్గరికే తీసుకెళ్లి యూ బోల్టులు బిగించుకోండి.