పంపే ముందు ఒకసారి పర్జ్

ట్రేసింగ్ కాగితం మీద ఇంకు పెన్నుతో ప్లాన్లు గీసిన రోజుల్లో గీత తప్పితే సగం బ్లేడుతో మెల్లగా గోకేవాళ్లం. ఆ చోటు గోటితో రుద్ది నునుపు చేసి మళ్లీ గీసేవాళ్లం. గోకేసిన గీత ఇక లేనట్టే. ఆటోక్యాడ్‌లో అలా కాదు. డిలీట్ కొట్టిన తలుపు తెర మీద మాయమవుతుంది గానీ ఫైల్లో దాని జాడ ఉండిపోతుంది.

1982లో ఆటోడెస్క్ విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌కు ‘బ్లాక్’ పెద్ద బలం. ఒక తలుపును బ్లాక్ చేశామంటే దాని అసలు రూపం ఫైల్లో ఒక్కసారే ఉంటుంది. ప్లాన్‌లో నలభై చోట్ల పెట్టినా నలభై తలుపుల బరువు ఉండదు. ఆ నలభై తీసేసినా అసలు రూపం మాత్రం పోదు, మళ్లీ అవసరం పడొచ్చని ఫైల్ దాన్ని దాచి ఉంచుతుంది. లేయర్లు, లైన్‌టైపులు, టెక్స్ట్ స్టైళ్లు, డైమెన్షన్ స్టైళ్లు అన్నిటిదీ ఇదే తీరు.

ఒక సోఫా సంగతే చూడండి. వేరే ఆఫీసు ఫైల్లోంచి సోఫా కాపీ చేసి మన హాల్లో పెడతాం. అది ఒంటరిగా రాదు. దాన్ని గీసిన లేయర్లు, పక్కన పేరు రాసిన టెక్స్ట్ స్టైల్, ఏదో చుక్కల లైన్‌టైపు వెంట వస్తాయి. ఓనరుకు నచ్చలేదని సోఫా తీసేస్తాం, వెంట వచ్చినవి తిష్ఠ వేస్తాయి. స్ట్రక్చర్ వాళ్ల డ్రాయింగును ఎక్స్‌రెఫ్‌గా, అంటే బయటి ఫైలుకు లింకుగా తెచ్చి, బైండ్ చేసి మన ఫైల్లో కలిపేస్తే లేయర్ల జాబితాలో డాలర్-సున్నా-డాలర్ గుర్తుతో పేర్లు బారులు తీరతాయి. ఇలా చేతులు మారి మారి మూడు గదుల ఇంటి ప్లాన్ కూడా పదుల ఎంబీలకు చేరుతుంది.

దీనికి మందు పర్జ్. కమాండ్ లైన్‌లో పీయూ అని కొట్టి ఎంటర్ నొక్కితే ఎవరూ వాడని వాటి జాబితా వస్తుంది. చాలామంది ఒకసారి కొట్టి వదిలేస్తారు, అక్కడే పని సగంలో ఆగుతుంది. సోఫా బ్లాక్ లోపల దిండు ఇంకో బ్లాక్, ఆ దిండుకో లేయర్. సోఫా ఉన్నంతసేపూ దిండు ‘వాడుకలో’ ఉన్నట్టే లెక్క. దొంతిలో పై కుండ దించితేగానీ కింది కుండ అందదు కదా! అందుకే నెస్టెడ్ ఐటమ్స్‌కు టిక్ పెట్టాలి, జాబితా ఖాళీ అయ్యేదాకా మళ్లీ మళ్లీ కొట్టాలి.

అయినా కొన్ని లేయర్లు మొండికేస్తాయి. సున్నా లేయరూ, మనం ప్రస్తుతం గీస్తున్న లేయరూ ఎలాగూ పోవు. తక్కినవి పోలేదంటే ఎక్కడో ఏదో పట్టుకుని ఉందన్నమాట: స్పేస్ బార్ ఒక్కటే కొట్టి వదిలేసిన టెక్స్ట్, పొడవు సున్నా అయిన గీత, లేదా ఏ బ్లాక్ కడుపులోనో ఇరుక్కున్న వస్తువు. ఏది ఎందుకు పోవడం లేదో 2020 వెర్షన్ నుంచి పర్జ్ కిటికీయే చూపిస్తోంది. విసిగిపోయి లేడెల్ కమాండ్ వాడకండి. అది లేయర్‌తోపాటు దాని మీది వస్తువులను కూడా, బ్లాకుల లోపలివాటితో సహా, తుడిచేస్తుంది.

కళ్లకు కనబడని చెత్త ఇంకోటి ఉంది, రెగ్‌యాప్స్. ఆటోక్యాడ్ మీద నడిచే ఇతర ప్రోగ్రాములు డ్రాయింగులో తమ పేరు నమోదు చేసి పోతాయి. కాపీ పేస్టులతో అవి ఫైలు నుంచి ఫైలుకు పాకి వేలల్లో పేరుకుంటాయి. ఖాళీగా కనిపించే ఫైల్ తెరుచుకోవడానికి యుగం పట్టిందంటే నేను ముందు అనుమానించేది వీటినే. ముందు హైఫన్ పెట్టి పర్జ్ అని టైప్ చేసి, ఆర్ ఎంచుకుంటే పోతాయి. ఆపైన ఆడిట్ కమాండ్ నడిపి తప్పులు సరిచేయించాలి. ఒకదాని మీద ఒకటి పడ్డ గీతలను తీసేయడానికి ఓవర్‌కిల్ కమాండ్ ఉంది.

ఒక జాగ్రత్త. ఆఫీసు టెంప్లేట్ ఫైలును మాత్రం పర్జ్ చేయొద్దు. అందులో లేయర్లు ఖాళీగా ఉండేది రేపటి పని కోసం. మామూలు డ్రాయింగైనా కాపీ తీసి పెట్టుకున్నాకే మొదలుపెట్టాలి.

నాకు పని నేర్పిన సీనియర్ ఏ డ్రాయింగ్ చూపించినా గోడలు, కొలతలు తర్వాత చూసేవారు. ముందు అడిగేది, “పర్జ్ కొట్టావా నాయనా?” అని. అప్పట్లో చాదస్తమనిపించేది. ఇంకొకరి ఫైల్ తెరిచి, రెండు వందల లేయర్ల మధ్య అసలు గోడ లేయర్ కోసం వెతుక్కున్నప్పుడు ఆయన పట్టుదల అర్థమైంది. ఇప్పుడు డ్రాయింగును చదివేది మనుషులే కాదు. హైదరాబాద్‌లో నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ 2016లో డీపీఎంఎస్ అనే ఆన్‌లైన్ అనుమతుల విధానం మొదలుపెట్టినప్పటి నుంచి పర్మిషన్ ప్లాన్లను సాఫ్ట్‌వేర్ కూడా పరిశీలిస్తోంది. ప్లాటు హద్దు ఏదో, గోడ ఏదో అది తెలుసుకునేది లేయర్ పేరును బట్టే.

ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో డ్రాఫ్టింగ్ చెప్పే మాస్టార్లకు నాదొక విన్నపం. లైన్, సర్కిల్ నేర్పిన వారంలోనే పర్జ్ కూడా నేర్పండి. పిల్లలు ఫైల్ మీ చేతికిచ్చినప్పుడు గీతలకు మార్కులు వేసే ముందు ఒకసారి పీయూ కొట్టి చూడండి.