వార్ధక్యము – రసాస్వాదము

భరతముని నాట్యశాస్త్రము 27వ అధ్యాయమున ప్రయోగసిద్ధిని గూర్చి చెప్పుచు, ఏ ప్రేక్షకునకు ఏది ప్రీతికరమో ఒక పట్టికవలె ఇచ్చియున్నాడు. తరుణులు కామవిషయమునందును, విదగ్ధులు శాస్త్రసమయముతో కూడినదానియందును, అర్థపరులు అర్థమునందును, విరాగులు మోక్షమునందును, శూరులు వీర రౌద్రములయందును తుష్టి పొందుదురట. వృద్ధులకు ధర్మాఖ్యానములును పురాణములును నిత్యము తుష్టిదాయకములని ఆయన అభిప్రాయము. అలంకారశాస్త్రమును పఠించువారు ఈ వాక్యమును వర్గీకరణమాత్రముగా చదివి దాటిపోవుదురు. లోకము దీనిని చదువకయే శాసనముగా స్వీకరించినది. వయస్సు మీరినవారు నాటకమునకో చలనచిత్రమునకో పోవుదమన్నచో, "కృష్ణా రామా అనుకుంటూ కూర్చోవలసిన వయస్సు" అను మాట తెలుగునాట ఏ యింటనైనను వినవచ్చును. ఆ మాటకు మన సాహిత్యశాస్త్రమున ఆధారము కలదా లేదా అను విషయమును ఇచట పరిశీలింపదలచితిమి.

మాకీ ప్రశ్న గ్రంథములనుండి పుట్టలేదు. 1957లో కె. వి. రెడ్డి దర్శకత్వమున వెలువడిన 'మాయాబజార్' చిత్రము 2010లో రంగులు దిద్దుకొని మరల ప్రదర్శనశాలలకు వచ్చినపుడు, డెబ్బది యేండ్లు దాటిన మా మేనత్తగారు దానిని చూడవలెనని అడిగినారు. ఇంటివారి సమాధానము పైని చెప్పిన వాక్యమే. ఆ చిత్రముకూడ శ్రీకృష్ణుని కథయే యన్న సంగతి అప్పుడెవరికిని తోచలేదు. కృష్ణుని తలచుచు కూర్చుండుమని చెప్పి, కృష్ణుని చూడబోవుటను వారించినారు. చిత్రము ఆ యూరినుండి వెడలిపోయినది. ఆమె మరల అడుగలేదు. మేమును ఆనాడు ఊరకుంటిమి.

మొదట భరతుని మాటను చూతము. అది విధివాక్యము కాదు. ప్రయోక్త తన యెదుట కూర్చున్న సభ యెట్టిదో ఎరుగవలెను గదా. అందులకై చేసిన లోకపరిశీలనము. ఆ వృద్ధుల ప్రక్కనే, బాలురును మూర్ఖులును స్త్రీలును హాస్యమునందును వేషధారణమునందును సంతసింతురని కూడ ఆయన చెప్పినాడు. ఈ మాటను నేడెవరైనను ప్రమాణముగా ఉదాహరింతురా? మా తరగతులలో విద్యార్థినులే హెచ్చు. వారి యెదుట ఈ శ్లోకమును వ్యాఖ్యానింపవలసి వచ్చినపుడు, అది ఆ కాలపు మాటయని చెప్పి తప్పించుకొందుము. స్త్రీలను గూర్చిన భాగమును కాలమునకు వదలి, వృద్ధులను గూర్చిన భాగమును మాత్రము పట్టుకొని యుండుట న్యాయము కాదు.

మరియొక సంగతి. పురాణము రసము కాదు. రసములను మోయు పాత్ర. భాగవతమున రుక్మిణీకల్యాణము కలదు, రాసక్రీడ కలదు. భారతమున వీరము, రౌద్రము, బీభత్సము, కరుణము నిండియున్నవి. వృద్ధునకు పురాణమును విడిచిపెట్టితిమన్నచో తొమ్మిది రసములను విడిచిపెట్టినట్లే. ఈ సూక్ష్మమును శాస్త్రజ్ఞులకంటె హరిదాసులు బాగుగ ఎరుగుదురు. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) హరికథలను వినవచ్చినవారు పుణ్యమునకని వచ్చి, సంగీతమును, నృత్యమును, శృంగారమును, హాస్యమును అనుభవించి పోయినవారే. పుణ్యము వారికి అదనపు లాభము.

ఇచట ఒక సామాజిక విషయమును విస్మరింపరాదు. ఒకనాటి వితంతువునకు పేరంటము లేదు; పెండ్లిపందిరిలో ముందువరుస లేదు; శుభకార్యమునకు ఎదురుపడుటకే వీలులేదు. 1881 డిసెంబరు 11న వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించిన పిమ్మటకూడ ఈ బహిష్కారము చాలకాలము నిలిచినది. కొన్ని యిండ్లలో నేటికిని పోలేదు. ఆమెకు ఆక్షేపణ లేకుండ తెరచియున్న రంగస్థలము గుడిమంటప మొక్కటే. ఆ మంటపమున కూర్చున్నవారిని చూచి, వృద్ధులకు, అందును వృద్ధస్త్రీలకు, పురాణశ్రవణమే యిష్టమని తేల్చినారు. పది తలుపులు మూసి, పదునొకండవ తలుపునుండి వచ్చినవారిని చూపి, వీరికి ఈ ద్వారమే ప్రియమనుట వంటిది ఇది.

ఇక రససిద్ధాంతమునకు వత్తము. పదునాలుగవ శతాబ్దివాడగు విశ్వనాథుడు సాహిత్యదర్పణమున, రత్యాదివాసన లేనిదే రసాస్వాదము కలుగదనినాడు. వాసన రెండు విధములు: ఈ జన్మమునందలిది ఒకటి, పూర్వజన్మమునుండి వచ్చినది మరియొకటి. మొదటిది అక్కరలేదన్నచో శ్రోత్రియులకును ముదిసిన మీమాంసకులకును సైతము రసానుభూతి కలుగవలసివచ్చునని ఆయన వాదము. వృద్ధునకు రసము లేదనువారికి ఈ మాట ఆయుధముగా కనబడవచ్చును. కాని ఆయన నిందించినది ముదిమిని కాదు, మీమాంసకుని. జీవితమంతయు విధినిషేధముల విచారమున ఎండిపోయిన హృదయము అచట లక్ష్యము. అట్టివాడు ముప్పదియేండ్లకే ముదుసలి కావచ్చును. (విశ్వవిద్యాలయములలో పరీక్షాపత్రములను దిద్దుకొను మావంటివారు ఈ హెచ్చరికను కొంత భయముతోనే చదువవలసియున్నది.) విశ్వనాథుని రెండవ వాదము మనకు మరింత ఉపయోగకరము. పూర్వవాసన అక్కరలేదన్నచో, రాగవంతులయందు సైతము కొందరికి రసోద్బోధము కలుగకపోవుటకు కారణము చెప్పలేమన్నాడు. అనగా ఇప్పటి కోరికయొక్క వేడి మాత్రమే రసమునకు హేతువు కాదు. ఏనాడో పడి, అడుగున నిలిచిన సంస్కారము కావలెను.

ఈ సంస్కారమును కాళిదాసు శాకుంతలము అయిదవ అంకమున చూపినాడు. హంసపదిక పాటను విని దుష్యంతుడు కారణము తెలియక కలతపడును. సుఖముగనున్నవాడు సైతము రమ్యమైనదానిని చూచి, మధురమైనదానిని విని ఉత్కంఠ పొందుచున్నాడన్నచో, అతని మనస్సు జన్మాంతరపు స్నేహములను తెలియకయే స్మరించుచున్నదని అనుకొనును. దుష్యంతుడు మరచినది నిజమునకు ముందటి జన్మము కాదు, ఈ జన్మమునందలి శకుంతలనే. మాకు తోచినంతలో వృద్ధ ప్రేక్షకుని స్థితి ఇదియే. అతనికి జన్మాంతరమునకు పోవలసిన పనిలేదు. తన యౌవనమే అతనికి జననాంతరము. ఆ యూరు లేదు, ఆ మిత్రులు లేరు, ఆ దేహము లేదు. స్నేహము మాత్రము భావస్థిరమై నిలిచియున్నది. ఒక పాట వినబడగానే అది కదలును. యువకుడు పూర్వజన్మమునుండి అరువు తెచ్చుకొనవలసినదానిని వృద్ధుడు ఈ జన్మముననే సంపాదించుకొన్నాడు.

2010లో మేమా చిత్రమును చూచిన దినమున మా ప్రక్క కూర్చున్న ఒక పెద్దమనిషి, ఘటోత్కచ పాత్రధారి ఎస్. వి. రంగారావు పెదవి విప్పకముందే ఆయన మాటలను పలుకుచుండెను. మొదట మాకు విసుగు కలిగినది. తరువాత ఆయన ముఖమును చూచుటయే మాకు రెండవ ప్రదర్శన మైనది. యువ ప్రేక్షకుడు ఏమి జరుగునో యని చూచును. ఆయన ఎట్లు జరుగునో యని చూచుచున్నాడు. కథాకుతూహలము తీరినచోటనే ఆస్వాదము ఆరంభమగునని మన పద్యనాటకము మనకెపుడో నేర్పినది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగమున రాయబారము విఫలమగునని తెలియనివా డెవడు? ఐనను ఒక పద్యమునకు "ఒన్స్ మోర్" అని కేకవేసి, కృష్ణునిచేత మరల పాడించుకొని, సంధి చెడిపోవుటను మరికొంత ఆలస్యము చేసినవారు మన ప్రేక్షకులు.

ఇచట ఒక ఆక్షేపము బలమైనది కలదు. ఇది రసము కాదు, కేవలము స్వీయస్మృతి యనవచ్చును. అభినవగుప్తుడు రసవిఘ్నము లేడింటిని చెప్పుచు, తన సుఖదుఃఖములకు తాను వశుడై పోవుటను అందొకటిగా గణించినాడు. రంగస్థలముపై సీత యేడ్చుచుండగా తన బిడ్డను తలచుకొని యేడ్చువాడు నాటకమును చూచుటలేదు. వృద్ధుని గుండెలో ఇట్టి తలపులు హెచ్చు గదా! ఈ యాక్షేపమును మేము తేలికగ త్రోసివేయజాలము. ఇటీవలి దుఃఖము గలవారి విషయమున ఇది సత్యమే.

కాని మా మేనత్తగారి సంగతి చెప్పవలసియున్నది. ఆమె యింటి యెదుటి మైదానమున ఏటేట తిరునాళ్లకు 'సత్యహరిశ్చంద్ర' ఆడుచుండిరి. కాటిసీనునకు జాషువా 'శ్మశానవాటి' పద్యములను చేర్చి పాడుట మన నటులకు పరిపాటి. తెల్లవారుజామున ఆ పద్యములు ఊరంతయు వినబడును. ఆమె అయిదేండ్ల కుమారుని పోగొట్టుకొన్న తరువాత కొన్ని సంవత్సరములు, లోహితాస్యుని మోసికొని చంద్రమతి ప్రవేశించుటతోడనే లేచి యింటికి పోవుచుండెడివారట. పిమ్మట ఒక యేడు లేవలేదు. ఆ తరువాత ఎన్నడును లేవలేదు. ఇదియేమని మేము అడుగగా ఆమె చెప్పిన మాట మా నోటుపుస్తకమున వ్రాసికొంటిమి: "అప్పుడు చంద్రమతి కనపడేది కాదు నాయనా, నా బిడ్డే కనపడేవాడు. తరవాత్తరవాత చంద్రమతి కనపడింది." సాధారణీకరణమును గూర్చి భట్టనాయకుని మతమును మేము తరగతిలో ఎన్నియో యేండ్లుగ బోధించుచున్నాము. దానికింతకంటె మంచి ఉదాహరణము మాకు లభింపలేదు. నటుడు వేషముచేతను, కవి కల్పనచేతను కలిగించు దూరమును ఆమెకు కాలము కలిగించినది. దుఃఖము పోలేదు, తనది మాత్రమే కాకుండ పోయినది.

మన హాస్యసాహిత్యముకూడ వృద్ధునకు కొంత యపకారము చేసినది. 1897లో అచ్చై, 1909లో కొత్తరూపమును పొందిన 'కన్యాశుల్కము'న గురజాడ లుబ్ధావధానులను నవ్వులపాలు చేసినాడు. ఆ నవ్వు ధర్మబద్ధము. అచట ముసలివాని కోరికకు మూల్యము ఒక పసిపిల్ల బ్రతుకు. కాని ఆ నవ్వు నాటకమును దాటి వచ్చి, తలనెరసినవాడు కోరు ప్రతి వేడుకమీదను పడినది. లుబ్ధావధానులు కోరినది భోగము. భోగమునకు వస్తువు స్వాధీనము కావలెను; రసమునకు అక్కరలేదు. శశిరేఖను చూచి ఆనందించు వృద్ధుడు శశిరేఖను కోరుటలేదు. ఈ భేదమును ప్రాచీనులు అంత శ్రమపడి నిరూపించియుండగా, మనము రెంటిని ఒకటిగా కట్టి, భోగముతోపాటు రసమునుకూడ త్యజింపుమని పెద్దలకు చెప్పుచున్నాము.

శ్రీరమణ 'మిథునము' కథ దీనికి చక్కని సమాధానము. అప్పదాసు భోజనప్రియత్వమును, బుచ్చిలక్ష్మితో అతని సరసపు కలహములను చదివి పాఠకుడు నవ్వును గాని పరిహసింపడు. 2012లో తనికెళ్ల భరణి దానిని చలనచిత్రముగ తీసి, తెరపై ఆ యిరువురిని తప్ప మరియొక పాత్రను చూపలేదు. ఆ సాహసమును మేము మెచ్చుకొనుచునే ఒక కొరతను చెప్పుచున్నాము. ఉత్సవమునకు సమూహము ప్రాణము. అప్పదాసు దంపతుల వేడుకను చూచువారు గాని అందు పాల్గొనువారు గాని లేరు. వృద్ధుల యానందమును మన మంగీకరించితిమి గాని, దానిని ఇంటి ప్రహరిలోపల నుంచి యంగీకరించితిమి. జాతరలో, పెండ్లిపందిరిలో, నాటకశాలలో పదిమంది నడుమ కూర్చున్న వృద్ధుని చిత్రించిన రచన మనకు ఇంకను రావలసియున్నది.

ఐతే కూర్చుండుటకు చోటు కావలెను గదా. నాట్యశాస్త్రము రెండవ అధ్యాయమున మనుష్యులకు 64 హస్తముల పొడవు, 32 హస్తముల వెడల్పు గల నాట్యగృహమే తగినదని భరతుడు నిర్ణయించినాడు. అంతకు మించినచో వాచికము స్పష్టముగ వినబడదనియు, ముఖముపై భావము కనబడదనియు కారణము చెప్పినాడు. చెవియు కన్నును మందగించిన ప్రేక్షకుని తలచుకొని ఈ కొలతను మరల చదువవలెను. నేటి ప్రదర్శనశాలలలో ధ్వని చెవులను బాధించును గాని మాట తెలియనీయదు. చీకటిలో మెట్లు కనబడవు. మోకాళ్లకు విశ్రాంతి నిచ్చు విరామము చాలదు. ఇవి రంగశాల లోపములు. వీనిని ప్రేక్షకుని వయస్సుపై మోపి, ఆయనకు ఆసక్తి తగ్గినదనుచున్నాము.

చిత్రము తప్పిపోయిన కొన్ని సంవత్సరములకు మా మేనత్తగారిని, ఒక నాటకసమాజమువారు ప్రదర్శించిన 'మాయాబజార్' పద్యనాటకమునకు మేము తీసికొనిపోయితిమి. మూడవ వరుసలో కూర్చుండబెట్టితిమి. నాటకము ముగియువరకు ఆమె ఒక్క మాట పలుకలేదు. పాత రోజులను తలచుకొని కంట తడిపెట్టుదురేమోయని మేము ఎదురుచూచుచుంటిమి. తిరిగివచ్చునపుడు ఆటోలో, దూరము సగము గడచిన పిమ్మట అన్నారు: "ఘటోత్కచుడి ఆ రెండో పద్యం మా రోజుల్లో మోహనలో పాడేవారు నాయనా. ఈ అబ్బాయి కల్యాణిలో ఎత్తుకున్నాడు. ఇదే బాగుంది." రాగము మారిన సంగతియే మేము గమనింపలేదు.