17296, 18416: ఒక పేరును గూర్చిన వాదం

17296, 18416 అను సంఖ్యల జంటకు గణితగ్రంథాలలో చాలకాలంగా ఫెర్మా పేరు అంటిపెట్టుకొని ఉన్నది. ఆయన దానిని ప్రకటించినది 1636లో. ఈ పేరును సవరించవలెనని మనవారు వ్రాస్తున్నారు. కోరిక న్యాయమైనదే, సమర్థించే తీరే సరిగా లేదు.

17296ను నిశ్శేషంగా భాగించే సంఖ్యలలో దానిని విడిచి తక్కినవన్నీ కూడితే 18416 వస్తుంది. 18416తో అట్లే చేస్తే 17296 వస్తుంది. ఇట్టివి స్నేహసంఖ్యలు. గ్రీకులెరిగిన జంట 220, 284. ఇట్టి జంటలను రాబట్టే సూత్రాన్ని నిరూపణతో సహా చెప్పినవాడు బాగ్దాదులో పనిచేసి 901లో మరణించిన సాబిత్ ఇబ్న్ ఖుర్రా. 3ను 8తోను, 16తోను గుణించి ఒకటేసి తగ్గిస్తే 23, 47. 9ని 128తో గుణించి ఒకటి తగ్గిస్తే 1151. మూడూ ప్రధాన సంఖ్యలే. కనుక 16×23×47, అనగా 17296; 16×1151, అనగా 18416 స్నేహసంఖ్యలు. ఒక మెట్టు క్రింద వచ్చేవి 11, 23, 287. ఈ 287 అనేది 7×41 కాబట్టి అక్కడ సూత్రం పారదు.

ఈ జంటను ఫెర్మాకు మూడు శతాబ్దాల ముందే గణించినవాడు ఇంద్రధనుస్సుకు కారణం చెప్పిన కమాలుద్దీన్ అల్-ఫారిసీ. ఆయన సమకాలికుడు, మర్రాకెష్‌కు చెందిన ఇబ్నుల్ బన్నా కూడ దీనినెరుగును. సాబిత్ సిద్ధాంతాన్ని వోప్కే 1852లోనే ఫ్రెంచిలో పరిచయం చేశాడు. అటు పిమ్మట కూడ పాత పేరునే వల్లించడం పాఠ్యగ్రంథకర్తల అశ్రద్ధ.

అంతమాత్రాన ఫెర్మా అపహరించాడనడం తగదు. ఆయన అరబ్బీ గ్రంథం చూచినట్లు ఆధారమేదీ చూపకనే కొందరు ఆ నింద వేస్తున్నారు. సాబిత్‌ను ముస్లిం అనడమూ పొరపాటే. ఆయన హర్రాన్‌కు చెందిన సాబియన్. అరబ్బీ భాషలో వెలసిన విద్యలో అన్యమతస్థుల పాలు ఒప్పుకొంటే మనకు వచ్చే నష్టమేమిటో బోధపడదు.

ఈ గొడవలో అసలు సంగతి మరుగున పడుతున్నది. ఫారిసీ చేసినది కేవలం లెక్క కాదు. సాబిత్ సిద్ధాంతాన్ని ఆయన క్రొత్త మార్గాన నిరూపించాడు. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టవచ్చునని చూపి, ఆ కారణాంకాలను ఎన్ని విధాల జత చేయవచ్చునో లెక్కించి భాజకాలన్నిటిని రాబట్టాడు. తేదీలకై పోరాడేవారి వ్యాసాలలో దీనికి ఒక్క వాక్యమైనా దొరకడం అరుదు.

ఇదే సూత్రం తర్వాత ఇచ్చే జంట 9363584, 9437056. 1638లో డెకార్ట్ పేర వెలువడిన ఈ జంటను అదే శతాబ్దిలో ఇరాన్‌లో ముహమ్మద్ బాఖిర్ యజ్దీ కూడ కనుగొన్నాడు. అయితే 17296 కంటె ఎంతో చిన్న జంట ఒకటి వీరెవ్వరికీ చిక్కలేదు: 1184, 1210. దానిని 1866లో పదహారేండ్ల ఇటలీ విద్యార్థి పగనీనీ బయటపెట్టాడు. సాబిత్ సూత్రంలో రెండు సంఖ్యలకూ 2 యొక్క ఘాతం ఒకటే కావలె. 1184 అనేది 32×37. 1210లో 2 ఒక్కసారే వస్తుంది.